రాత్రి కలిపిన పిండి, పొద్దున కరకరలాడే వాఫిల్స్

వాఫిల్ అంటే గళ్లున్న మెషిన్‌లో పిండి పోసి కాల్చే అట్టు. అది కరకరలాడాలంటే చక్కెర ఎక్కువ వేయాలని చాలామంది అనుకుంటారు. కానీ చక్కెర ఎక్కువైతే రంగు తొందరగా వస్తుంది. ఆ రంగు చూసి లోపల తడి ఉండగానే తీసేస్తాం, ప్లేటులో పెట్టేసరికి మెత్తబడిపోతుంది. బేకింగ్ పౌడర్‌తో అప్పటికప్పుడు చేసేవీ తినడానికి బాగానే ఉంటాయి. కానీ పైన కరకరలాడుతూ లోపల తేలిగ్గా ఉండాలంటే ఈస్ట్‌తో పులిసిన పలుచటి పిండే కావాలి.

బెల్జియంలో పేరున్న వాఫిల్స్ ముఖ్యంగా రెండు రకాలు. లియేజ్ వాఫిల్‌కి పిండిని ముద్దగా కలిపి, పలుకుల చక్కెర వేస్తారు. అది బరువుగా, నమిలి తినేలా ఉంటుంది. బ్రస్సెల్స్ వాఫిల్‌ది జారుడు పిండి, లోతైన గళ్లు. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్ట్రాబెర్రీలు, క్రీమ్ పెట్టి అమ్మాక అమెరికన్లకు బాగా దగ్గరైంది ఈ రెండోదే. నేను చేసేదీ దాదాపు అదే.

రెండు కప్పుల మైదాలో రెండు చెంచాల మైదా తీసేసి, అంతే కార్న్‌ఫ్లోర్ వేయండి. ఒక టీస్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక టీస్పూన్ చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. 100 గ్రాముల వెన్న కరిగించి, రెండు కప్పుల గోరువెచ్చటి పాలు, అర కప్పు నీళ్లతో కలిపి ఇందులో పోయండి. అమూల్ బటర్ వాడితే అందులో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి చిటికెడు చాలు. పాలలో వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఈస్ట్ చచ్చిపోతుంది. పిండి దోసెల పిండి కన్నా కాస్త పలుచగా ఉంటుంది. కంగారుపడి మైదా కలపకండి.

గిన్నె పెద్దది తీసుకోండి, పిండి పొంగుతుంది. ఓ గంట బయట ఉంచి, బుడగలు కనిపించాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. హైదరాబాద్ మే నెలలో అరగంట కూడా ఎక్కువే. రాత్రంతా బయట వదిలేస్తే మాత్రం పుల్లకంపు కొడుతుంది.

పొద్దున పిండిని అరగంట ముందు బయట పెట్టండి. రెండు గుడ్ల పచ్చసొనలు, పావు టీస్పూన్ వంటసోడా కలపండి. తెల్లసొనను నురగ నిలబడేదాకా గిలక్కొట్టి, చివర్లో గరిటెతో నెమ్మదిగా కలపండి. మా అత్తయ్య గుడ్డు ముట్టరు, ఆవిడకి ముందే కొంత పిండి పక్కకు తీసి సోడా మాత్రం కలుపుతాను. కొంచెం గట్టిగా వస్తాయి గానీ కరకర తగ్గదు.

మెషిన్ వేడెక్కినట్టు లైటు వెలిగాక కూడా ఇంకో ఐదు నిమిషాలు కాలనివ్వండి. గళ్లకు నూనె రాయండి, వెన్న రాస్తే మాడుతుంది. పిండి పోసి మూత వేయగానే పక్కల నుంచి ఆవిరి బుస్సుమని వస్తుంది. చూడాల్సింది ఆ ఆవిరినే, లైటుని కాదు. అది బాగా తగ్గి, సన్నటి పొగలా మిగిలేదాకా మూత జోలికి వెళ్లకండి. మెషిన్‌ని బట్టి ఐదారు నిమిషాలు పడుతుంది. మా మరిది రెండో నిమిషంలోనే ఎత్తి చూస్తాడు, వాఫిల్ రెండు పొరలుగా చీలి సగం పైన, సగం కింద అంటుకుంటుంది. ఇంట్లో ఇలాంటివాళ్లుంటే కాఫీ పని అప్పగించండి.

తీసినవి ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, వాటి ఆవిరికే అవి నానిపోతాయి. వైర్ స్టాండు లేకపోతే జల్లెడ బోర్లించి దానిమీద పెట్టండి, కిందనుంచి గాలి ఆడుతుంది. అందరూ కలిసి తినాలంటే 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచండి.

పైన తాటిబెల్లం పాకం పోసుకుంటే నాకు ఇష్టం, కానీ తినేముందే పోసుకోవాలి. వేసవిలో బంగినపల్లి ముక్కలుంటే పాకం కూడా అక్కర్లేదు. మిగిలినవి పూర్తిగా చల్లారాక కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో దాచండి. కావాల్సినప్పుడు నేరుగా టోస్టర్‌లో వేస్తే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, సాగుతాయి.