జనాభా మారుతున్న పట్టణంలో నేరాల రేటును లెక్కించే విధానం

విజయనగరంలో నేరాలు పెరిగాయో లేదో తేల్చాలంటే, ఏడాది కేసులను ఆ ఏటి జనాభాతో భాగించి లక్షతో హెచ్చించాలి. ఉదాహరణకు జనాభా 2 లక్షల నుంచి 2.4 లక్షలకు, కేసులు 300 నుంచి 360కి చేరాయనుకుంటే, రేటు 150 వద్దనే ఉంటుంది.

అసలు చిక్కు జనాభా అంకెలోనే ఉంది. 2021లో జనగణన జరగనందున 2011 అంకెల మీద కట్టిన అంచనాలను వాడవలసి వస్తుంది. శ్రీకాకుళం పల్లెల నుంచి వలస వెళ్లినవారు కాగితంలో ఒకచోట, బతుకులో మరొకచోట ఉంటారు. పైడితల్లి సిరిమానోత్సవానికి వచ్చే జనం వల్ల కేసులు పెరగవచ్చు గాని, భాజకమైన జనాభా అంకె మారదు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి విజయనగరం జిల్లా హద్దులు మారాయి కనుక, పాత, కొత్త జిల్లా మొత్తాలను నేరుగా పోల్చకుండా, పోలీస్‌స్టేషన్ల వారీగా లెక్క కట్టడమే నా దృష్టిలో మేలు.