పికప్ బండి వెనక టకటక శబ్దమా? ముందు స్టెప్నీ చూడండి

బండి వెనక నుంచి టకటకమని శబ్దం వస్తుంటే వెంటనే షెడ్డుకి పరుగెత్తకండి. ముందు జాకీ, వీల్ స్పానర్, ఖాళీ ట్రేలు అన్నీ దించేసి గతుకుల్లో ఒకసారి నడపండి.

అప్పటికీ ఆగకపోతే బండి నిలిపి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి. నిలబడినా వస్తే ఇంజిన్ వైపో, సైలెన్సర్ క్లాంపుల దగ్గరో వెతకాలి. గతుకుల్లోనే వస్తే కమాన్ కట్టల (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల) బుష్‌లు, అంటే వాటి చివర్ల ఉండే తొడుగులు, వెనక డోరు చూడాలి. నున్నటి రోడ్డు మీద వేగంతో పాటు పెరుగుతూ, మలుపుల్లో మారే గుయ్‌మనే మోత చాలావరకు వీల్ బేరింగ్‌దే. దాన్ని మాత్రం వాయిదా వెయ్యొద్దు.

మా బండిలో నెల రోజులు ప్రాణం తీసింది స్టెప్నీ, అదే బండి కింద గొలుసుతో వేలాడే అదనపు టైరు. కింద దూరి చేత్తో తోస్తే టైరు ఊగింది, గొలుసు కాస్త వదులైంది, అంతే. బిగించగానే మోత పోయింది. అదే హైవే మీద ఊడిపడి ఉంటే, వెనక వచ్చే బైకు వాళ్ల సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

డోరు మీద అనుమానం ఉంటే తాడుతో గట్టిగా కట్టి అదే దారిలో మళ్లీ వెళ్లండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. గొళ్లెం దగ్గర పాత ట్యూబు ముక్క కోసి పెడితే సరి.