మన ఊరి కట్టడాన్ని యునెస్కో జాబితా దాకా తీసుకెళ్లడం ఎలా?

2021 జులై 25న ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. తెలుగు నేల మీద ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం అదే. ఆంధ్రప్రదేశ్‌కు ఆ జాబితాలో ఇంకా ఒక్క చోటూ లేదు. రామప్ప వార్త వచ్చినప్పటి నుంచి ‘మా గుడికెప్పుడు, మా కోటకెప్పుడు’ అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తోంది. అడగాల్సిన మాటే అది. అయితే వినతిపత్రాలూ ర్యాలీలూ ఈ పనిని ముందుకు నడపవు. దీనికొక పద్ధతి ఉంది. అందులో ఊరివాళ్లు చేయగలిగినదీ చాలా ఉంది.

దరఖాస్తు ఎవరిదో ముందు తెలుసుకోండి

యునెస్కో వ్యక్తుల నుంచో, ఆలయ కమిటీల నుంచో, రాష్ట్రాల నుంచో నామినేషన్లు తీసుకోదు. దేశం పంపాలి. భారత్ 1946 నుంచీ, అంటే యునెస్కో పుట్టినప్పటి నుంచీ సభ్యదేశం. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందాన్ని 1977లో ఆమోదించింది. 1983లో తాజ్‌మహల్, ఆగ్రా కోట, అజంతా, ఎల్లోరా మన తరఫున మొదటగా జాబితాకెక్కాయి. 2025 నాటికి ఆ సంఖ్య 44కు చేరింది.

కాబట్టి మీ కాగితం వెళ్లే దారి ఇది: ఊరి నుంచి రాష్ట్ర పురావస్తు లేదా వారసత్వ శాఖకు, అక్కడి నుంచి ఢిల్లీలోని భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు, ఆపై కేంద్ర ప్రభుత్వం ద్వారా పారిస్‌లోని యునెస్కో కార్యాలయానికి. అడవులు, కొండలు, భూగర్భ నిర్మాణాల వంటి సహజ వారసత్వమైతే పర్యావరణ శాఖ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కూడా తోడవుతాయి.

మీకు కావలసింది ఈ జాబితాయేనా?

యునెస్కో గుర్తింపు అనగానే అందరికీ ఒకే జాబితా గుర్తొస్తుంది. నిజానికి దారులు వేరువేరుగా ఉన్నాయి. నాట్యం, పండుగ, చేతివృత్తి అయితే 2003 నాటి ఒప్పందం కింద వచ్చే అమూర్త వారసత్వ జాబితా ఉంది. దానికి మన దేశంలో సంగీత నాటక అకాడమీ బాధ్యత వహిస్తుంది. 2025 డిసెంబరులో దీపావళి చేరింది ఆ జాబితాలోనే. తాళపత్రాలు, రాతప్రతులైతే ‘ప్రపంచ స్మృతి’ పట్టిక ఉంది. ఋగ్వేద ప్రతులు 2007లో అందులో చేరాయి. నగరాలకు సృజనాత్మక నగరాల కూటమి ఉంది. హైదరాబాద్ తన వంటల బలంతో 2019లో అందులో చోటు సంపాదించింది.

ఇవన్నీ కాక, చాలామంది దృష్టికి రాని మరో దారి ఉంది. పాత కట్టడాన్ని చక్కగా బాగుచేసిన వారికి యునెస్కో ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఏటా పురస్కారాలు ఇస్తుంది. 2022లో కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకూ, గోల్కొండ మెట్ల బావులకూ అవి దక్కాయి. మీ ఊళ్లో ఒక గడీ, ఒక బావి, ఒక పాత బడి మాత్రమే ఉంటే మీకు తగిన దారి ఇదే. అది చిన్న గౌరవమేమీ కాదు.

కాగితాలు, కొలతలు, ఫొటోలు

ప్రపంచ వారసత్వమే మీ లక్ష్యమైతే, మొదటి రోజుల పనంతా నమోదు పనే. కట్టడం ఎవరి రక్షణలో ఉందో చూడండి: కేంద్ర పురావస్తు శాఖా, రాష్ట్ర శాఖా, దేవాదాయ శాఖా, లేక ఎవరిదీ కాదా? ఎవరి రక్షణలోనూ లేకపోతే ముందు రాష్ట్ర రక్షిత జాబితాలో చేర్పించే ప్రయత్నం చేయండి. చట్టం అండ లేని కట్టడం పారిస్‌లో నెగ్గడం కష్టం.

తర్వాత శాసనాలు. రామప్ప విషయంలో వాదనకు పునాది 1213 నాటి శాసనమే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడని, ఎప్పుడు కట్టించాడని అది చెబుతోంది. స్థలపురాణం ఎంత అందంగా ఉన్నా, తేదీ ఉన్న ఒక్క రాతి పంక్తికి సాటిరాదు. మీ దగ్గర అలాంటి శాసనం ఉంటే దాని మీద సున్నం వేయనివ్వకండి, రంగు పూయనివ్వకండి. ఏటవాలుగా వెలుతురు పడే ఉదయం వేళ ఫొటోలు తీస్తే అరిగిన అక్షరాలు కూడా తేలి కనిపిస్తాయి. ఊళ్ల చరిత్రను రాసిపెట్టిన పాత రికార్డులైన కైఫియతుల్లో మీ ఊరి ప్రస్తావన ఉందేమో వెతకండి. పాత ఫొటోలున్న ఇళ్లకు వెళ్లి అడగండి. యాభై ఏళ్ల కిందటి పెళ్లి ఫొటో వెనకాల కనిపించే గోపురం కూడా సాక్ష్యమే.

‘గొప్పది’ అంటే చాలదు

అసలు కష్టమంతా ఇక్కడే. యునెస్కో అడిగే ప్రశ్న ‘ఇది గొప్పదా?’ అని కాదు, ‘ప్రపంచంలో ఇలాంటిది మరెక్కడా లేదని ఎలా చెబుతారు?’ అని. దాన్నే విశిష్ట సార్వత్రిక విలువ అంటారు. దాన్ని తూచడానికి పది ప్రమాణాలున్నాయి: ఆరు సాంస్కృతికం, నాలుగు ప్రకృతికి సంబంధించినవి. ఒక్కదానికి సరితూగినా చాలు, కానీ నిస్సందేహంగా సరితూగాలి.

రామప్పను చూడండి. ఇసుకరాతి గోడలు, అద్దంలా మెరిసే నల్లని డోలరైటు రాతి స్తంభాలు, చూరు కింద ఒంపులు తిరిగిన మదనికలనే స్త్రీ శిల్పాలు, బరువు తగ్గించడానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నేలలో ఇసుక నింపి వేసిన పునాది. వీటిలో ఏ ఒక్కటో మరో గుడిలో దొరకవచ్చు. అన్నీ ఒకేచోట కలిశాయన్నదే అక్కడి వాదన. మానవ ప్రతిభకు మచ్చుతునకగా, కాకతీయ సంస్కృతికి సాక్ష్యంగా రెండు ప్రమాణాల కింద అది నెగ్గింది.

అందుకే తులనాత్మక అధ్యయనం రాయాలి. మీ గుడిని చుట్టుపక్కల జిల్లాల గుళ్లతో పోల్చి ఊరుకుంటే కుదరదు. అదే కాలంలో, అదే తరహాలో దేశంలోనూ బయటా ఏమున్నాయో చూపించి, వాటిలో లేనిది మీ దగ్గర ఏముందో చెప్పాలి. చరిత్ర ఆచార్యులు, వాస్తుశిల్పులు, భూగర్భ శాస్త్రవేత్తలు అవసరమయ్యేది ఇక్కడే. దగ్గరలోని విశ్వవిద్యాలయం తలుపు తట్టండి.

రామప్ప నుంచి నేర్చుకోవలసింది మరొకటుంది. నామినేషన్‌కు ముందు దేశం తయారుచేసుకునే తాత్కాలిక జాబితాకు 2014లో వెళ్లినప్పుడు అది ఒంటరిగా వెళ్లలేదు. హనుమకొండ వేయి స్తంభాల గుడి, వరంగల్ కోటలోని కీర్తితోరణాలు కూడా కలిసే ఉన్నాయి. చివరికి రామప్పను ఒక్కదాన్నే ముందుకు తెచ్చారు. వరంగల్ అభిమానులకు అది మనసు నొచ్చే విషయమే. కానీ నగరం చుట్టుముట్టిన కట్టడాలకు సరిహద్దు గీయడం కష్టం. పాలంపేటలో పొలాల మధ్య, చెరువు పక్కన ఉన్న గుడికి ఆ చిక్కు తక్కువ. వదులుకోవడం కూడా ఈ పనిలో ఒక విద్యేనని నేను నమ్ముతాను.

చుట్టూ గీత గీయండి

కట్టడం ఎంతవరకు, దాని చుట్టూ కాపాడాల్సిన బఫర్ జోన్ ఎంతవరకు అన్నది సర్వే నంబర్లతో సహా పటంలో చూపాలి. కేంద్ర రక్షిత కట్టడమైతే చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతి తప్పనిసరి. ఈ గీత లోపల ఇళ్లున్నవారితో ముందే కూర్చుని మాట్లాడండి. తర్వాత తెలిస్తే కోపం వస్తుంది. అది న్యాయమైన కోపమే.

నారాయణపేట జిల్లాలో కృష్ణా నది దగ్గరున్న ముడుమాల్ సంగతి ఊరివాళ్ల అండ విషయంలో ఆదర్శం. అక్కడ మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్లు పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. ఒక రాతి మీద చిన్న గుంటలతో సప్తర్షి మండలాన్ని చెక్కారు. ఊరివాళ్లు నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ భక్తి వల్లే అవి క్వారీ పాలు కాకుండా మిగిలాయి. 2025లో ముడుమాల్ తాత్కాలిక జాబితాలో చేరింది.

తాత్కాలిక జాబితా నుంచి తుది ఓటు దాకా

ముందు దేశం తన తాత్కాలిక జాబితాలో పేరు చేర్చాలి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి అందులో ఉన్నాయి. లేపాక్షి 2022లో, తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు 2025లో చేరాయి. ఇప్పుడు జాబితాలో 60కి పైగా పేర్లున్నాయి. ఒక దేశం ఏడాదికి ఒక్క నామినేషనే పంపగలదు. అంటే వరుసలో ముందున్నామన్నది లెక్కలోకి రాదు. ఎవరి పత్రం సిద్ధంగా ఉంటే వారికే అవకాశం.

ఇప్పుడు కొత్తగా ప్రాథమిక మదింపు అనే దశ చేరింది. సెప్టెంబరు 15లోగా అడిగితే నివేదిక మరుసటి ఏడాది అక్టోబరుకు వస్తుంది. ఆ తర్వాత కనీసం ఏడాది ఆగి ఏదో ఒక ఫిబ్రవరి 1లోగా పూర్తి నామినేషన్ పంపాలి. సాంస్కృతికమైతే కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమోస్, సహజమైతే ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణులు వచ్చి చూస్తారు. మరుసటి ఏడాది 21 దేశాల కమిటీ తీర్పు చెబుతుంది. అన్నీ సవ్యంగా సాగినా దాదాపు నాలుగేళ్లు.

తీర్పు నాలుగు రకాలు: చేర్చడం, అదనపు సమాచారం అడగడం, మళ్లీ లోతుగా అధ్యయనం చేసి రమ్మనడం, తిరస్కరించడం. రామప్పకు ఐకోమోస్ మూడోదాన్నే సిఫార్సు చేసింది. మన దేశం తన వాదన వినిపించి, సభ్యదేశాల మద్దతు కూడగట్టి కమిటీలో గెలిచింది. దౌత్యం కూడా ఈ పనిలో భాగమే. అయితే పత్రంలో పస లేకపోతే దౌత్యవేత్త చేతిలో ఏమీ ఉండదు.

జాబితాకెక్కాక

రామప్ప చేరిన వారంలోనే, అదే సమావేశంలో, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవును జాబితా నుంచి తొలగించారు. తీరం వెంట కొత్త కట్టడాలు పాత రూపాన్ని మింగేశాయన్నది కారణం. మనకు బాగా తెలిసిన హంపి 1999 నుంచి 2006 దాకా ప్రమాదంలో ఉన్న వారసత్వాల పట్టికలో ఉండిపోయింది. ఆనెగొంది దగ్గర తలపెట్టిన వంతెనలే దానికి కారణం. కాబట్టి నామినేషన్‌తో పాటే నిర్వహణ ప్రణాళిక రాయించండి: బస్సులు ఎక్కడ ఆగాలి, దుకాణాలు ఎక్కడ ఉండాలి, చెరువు గట్టు ఎవరు చూసుకోవాలి, పూజలు ఎలా సాగాలి. గ్రామసభలో చర్చించి తీర్మానం చేయించి, ఆ ప్రతిని రాష్ట్ర వారసత్వ శాఖకు పంపే మొదటి కాగితాలతో జతచేయండి.