తీర్థన్ నదిలో మార్చి ట్రౌట్

హిమాచల్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ (చన్నీటి చేప) వేట నిషేధం. మార్చిలో వెళ్లినా ముందు మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాల్సిందే.

తీర్థన్ లాంటి చిన్న నదికి 4 లేదా 5 నంబరు ఫ్లై రాడ్ (పురుగులాంటి తేలికైన ఎరను విసిరే గాలపు కర్ర), దారం కొసన కట్టే 9 అడుగుల సన్నని లీడర్ చాలు. పొద్దున్నే మంచునీటికి చేప మందకొడిగా ఉంటుంది, తొందరపడకండి. ఎండెక్కాక, 14 నంబరు గాలానికి కట్టిన పూసతల నింఫ్‌ను (నీటిపురుగు పిల్లలా కట్టిన ఎరను) బండరాయికి ఎగువన విసిరి, నది అడుగు వెంటే కొట్టుకురానివ్వండి.

చాలామందికి చెడేది ఇక్కడే. నది నడిమి ప్రవాహం జోరు దారాన్ని విల్లులా వంచి లాగేస్తుంది. ఎర నీటికన్నా వేగంగా పరుగెడుతుంది, చేప ముట్టదు. అందుకే దారం నీళ్లమీద పడగానే రాడ్ కొసతో దాన్ని ఎగువకు మలచాలి. దారం ఆగిందా, చేప పట్టిందేమోనని వెంటనే రాడ్ ఎత్తండి. చాలాసార్లు అది రాయే అవుతుందనుకోండి!

వదిలేసే చేపను తడిచేత్తోనే పట్టాలి. పొడిచేయి తగిలితే ఒంటిమీది జిగురుపొర ఊడిపోతుంది.