రాజీనామా కంటే ముందు ఎక్స్‌రే

గల్ఫ్‌లోని ఇండియన్ సిలబస్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. అందుకే సంక్రాంతి దాటాక నెల్లూరు, ఒంగోలు టీచర్ల ఫోన్లకు ఆఫర్ లెటర్లు రావడం మొదలవుతుంది. లెటర్ రాగానే చాలామంది చేసే మొదటి పని ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం. మేనేజ్‌మెంట్ దగ్గరున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పటికి చేతికొస్తాయో అన్న టెన్షన్ అది. నాకు అర్థమవుతుంది. అయినా దయచేసి ఆ పని ముందు చేయకండి. వీసా కోసం చేసే మెడికల్ పరీక్షల్లో ఫిట్ అని రాకపోతే వీసా రాదు, ఇక్కడి ఉద్యోగమూ పోతుంది.

నేను కువైట్ వెళ్ళే ముందు చెన్నైలో మెడికల్‌కు వెళ్ళాను. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో నీడలాంటిది కనిపిస్తోంది, రిపోర్టు ఆపాం అన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, మా ఇంట్లో ఎవరికీ టీబీ లేదు. రాజీనామా అప్పటికే ఇచ్చేశాను. మూడు రోజులు లాడ్జిలో కంటి మీద కునుకు లేదు. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే నీడ లేదు. మొదటిసారి తలస్నానం చేసి, తడి ఆరని జడ భుజం మీదుగా ముందుకేసుకుని నిలబడ్డాను. ఆ జడే ఫిల్మ్ మీద పడింది. జడ పైకి ముడేసుకో అమ్మా అని ఆ రోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అందుకే ఇప్పుడు వెళ్ళే ప్రతి చెల్లెలికీ ముందు ఆ మాటే చెబుతాను. జడ ముడి వేసుకోండి. గొలుసులు, తాళి, హుక్కులున్న లోదుస్తులు తీసి పక్కన పెట్టండి. ఊపిరి పూర్తిగా పీల్చి బిగబట్టమన్నప్పుడు బిగబట్టండి. సగం ఊపిరితో తీసిన ఫిల్మ్ సరిగ్గా రాదు.

అసలు జాగ్రత్త అంతకన్నా ముందే మొదలవ్వాలి. ఆఫర్ రాగానే మన ఊళ్ళోనే సొంతంగా ఒక ఎక్స్‌రే తీయించుకుని డాక్టరుకు చూపించండి. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లకు ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలిపోవచ్చు. జబ్బు నయమైనా ఆ మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తుంది. అది పాతదా కొత్తదా అన్నది ఒక్క ఫిల్మ్ చూసి చెప్పడం కష్టం. పాత ఫిల్ములు, ఆరు నెలల మందుల కోర్సు కాగితాలు, టీబీ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ ఐడీ ఉంటే జాగ్రత్తగా తీసిపెట్టుకోండి. అనుమానం ఉంటే నెల్లూరు జీజీహెచ్‌లోనో, ఒంగోలు రిమ్స్‌లోనో కళ్ళె పరీక్ష చేయించుకోండి. ఒకవేళ టీబీ ఉందని తేలితే ప్రయాణం ఆపి మందులు వాడండి, ప్రభుత్వాసుపత్రిలో అవి ఉచితం. క్లాసులో మీ ముందు కూర్చునే పిల్లలను తలుచుకున్నా అదే సరైన పని.

రక్తపరీక్షల్లో ముఖ్యంగా చూసేవి హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. హెపటైటిస్ బి టీకా గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టీకా వేయించుకున్న తర్వాత సుమారు 18 రోజుల వరకు, జబ్బు లేకపోయినా హెచ్‌బీఎస్‌ఏజీ అనే హెపటైటిస్ బి పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. కాబట్టి మెడికల్‌కు వారం ముందు హడావిడిగా టీకా వేయించుకోకండి. ఆ టీకా మూడు డోసులు సాధారణంగా 0, 1, 6 నెలలకు వేస్తారు. విదేశాలకు వెళ్ళాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. హెపటైటిస్ సి వచ్చి మందులతో నయమైనవాళ్లకు యాంటీబాడీ పరీక్ష ఆ తర్వాత కూడా పాజిటివ్‌గానే వస్తుంది. వైరస్ లేదని చూపే ఆర్ఎన్ఏ రిపోర్టు దగ్గర ఉంచుకోవాలి. హెచ్ఐవి పరీక్ష ముందే చేయించుకోవాలంటే ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్ఐవి పరీక్ష) కేంద్రాల్లో ఉచితంగా, గుట్టుగా చేస్తారు. మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదని 2017 చట్టం చెబుతోంది.

గర్భవతి అయి ఉండొచ్చన్న అనుమానం కాస్త ఉన్నా, ఎక్స్‌రే గదిలోకి వెళ్ళకముందే చెప్పేయండి. మీజిల్స్ టీకా ఎంఎంఆర్ అడిగితే దానికీ ఇదే వర్తిస్తుంది. గర్భంతో ఉంటే వేయరు, వేశాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. నెలసరి రోజుల్లో యూరిన్ ఇస్తే అందులో రక్తం ఉన్నట్టు వస్తుంది, డేటు మార్చుకోండి.

ఉదయగిరి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఇంకో మాట. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ పరీక్షలు తప్పకుండా ముందే చేయించుకోండి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలు ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. కీళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కిడ్నీకి మంచివి కావు. వాటిలో ట్రమడాల్ లాంటివి యూఏఈలో నియంత్రణలో ఉన్న మందులు, అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసవుతుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే. రోజూ వాడే మందులుంటే మందు అసలు పేరుతో ప్రిస్క్రిప్షన్ రాయించుకోండి.

పద్ధతి దేశానికో రకంగా ఉంటుంది. సౌదీ, కువైట్‌లకు వఫీద్ అనే గల్ఫ్ మెడికల్ బుకింగ్ సైట్‌లో బుక్ చేసుకుని వాళ్లు గుర్తించిన సెంటర్లోనే చేయించుకోవాలి. పాత పేరు గామ్కా అంటేనే మనవాళ్లకు తెలుస్తుంది. ఖతార్‌కు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న వీసా సెంటర్లో. యూఏఈ రెసిడెన్సీకి అక్కడ దిగాక చేస్తారు, నర్సరీల్లో పనిచేసేవాళ్లకు హెపటైటిస్ బి కూడా చూస్తారు. ఇథియోపియా లాంటి దేశాలకు వెళ్ళేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకోవచ్చు. వేశాక పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు.

చెన్నై వెళ్ళేవాళ్లు ముందు రోజే చేరుకోండి. పినాకిని రైల్లో వెళ్తే దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది, రాత్రి బస్సులో నిద్ర లేకుండా వెళ్తే బీపీ పెరగవచ్చు. పరగడుపున రమ్మంటే రాత్రి భోజనం పెందలాడే ముగించి, తర్వాత మంచినీళ్లు మాత్రమే తాగండి.

మొన్న ఒంగోలు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఏజెంటు డబ్బిస్తే రిపోర్టు మేనేజ్ చేస్తానంటున్నాడు. ఇవ్వమంటావా?"

"వద్దు తల్లీ. అక్కడ దిగాక మళ్ళీ రక్తం తీస్తారు, మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. అప్పుడు ఏ ఏజెంటూ నీ పక్కన ఉండడు. వెనక్కి పంపించేస్తే ఇక్కడా అక్కడా కాకుండా పోతావు."

"అయితే ఒంగోలులోనే ముందు ఎక్స్‌రే తీయించుకుంటాను అక్కా."

"తీయించుకో. ఇంకోటి, సామాన్లలో గసగసాలు పెట్టుకోకు. గల్ఫ్‌లో అవి నిషేధం, జైల్లో పెట్టిన సంఘటనలున్నాయి. కూరల్లోకని అమ్మ కొట్టిచ్చే మసాలా పొడిలో కూడా ఉన్నాయేమో అడుగు. డ్రగ్ టెస్ట్ ఉందంటే ముందు రోజుల్లో గసగసాలు వేసిన కూర కూడా తినకు, యూరిన్‌లో నల్లమందు తాలూకు ఆనవాళ్లు చూపించవచ్చు."