కడుపులో తిప్పకముందే మాత్ర

దీవుల మధ్య రెండు మూడు రోజుల సెయిలింగ్ ట్రిప్‌కి వెళ్తుంటే, వాంతుల మాత్ర పడవ కదలడానికి కనీసం గంట ముందే వేసుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. ఏ మాత్రో డాక్టర్ని అడిగే తెచ్చుకోండి, కొన్నిటికి నిద్ర ముంచుకొస్తుంది.

మొదటిసారి నేను ‘నాకేమవుతుందిలే’ అనుకుని కింద కేబిన్‌లో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. అరగంటలో బకెట్ ఒళ్లోకొచ్చింది! కింద కూర్చుంటే కళ్లకి గోడలు కదలనట్టే ఉంటాయి, లోపలి చెవికి మాత్రం ఊగుతున్నట్టు తెలుస్తుంది. ఆ రెండిటికీ కుదరకే ఈ తిప్పుడంతా. అందుకే పైకొచ్చి, ఊపు తక్కువగా ఉండే పడవ మధ్యభాగంలో కూర్చుని, నింగీ నీళ్లూ కలిసే గీతనే చూస్తుండండి. పడవ ముందు కొన వైపు వెళ్లొద్దు, ఎక్కువ ఎగిరిపడేది అదే.

గట్టి సూట్‌కేస్ వద్దు, కేబిన్‌లో పెట్టే చోటుండదు. మడిచి పెట్టగలిగే మెత్తటి బ్యాగ్ చాలు. సన్‌స్క్రీన్ కొనేముందు లేబుల్ చూడండి. పగడపు దిబ్బలకు హాని అని పసిఫిక్ సముద్రంలోని పలావు దేశం 2020 నుంచి ఆక్సిబెంజోన్ లాంటి రసాయనాలున్నవాటిని నిషేధించింది. నిండు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీమ్ ఖర్చూ తగ్గుతుంది.