ఇద్దరూ వెళ్తున్నారు సరే, అన్నీ ఒకరి దగ్గరే ఎందుకు? థాయ్‌లాండ్ ద్వీపాలకు బయల్దేరే జంటలకు జాగ్రత్తలు

పోయిన నెల మా పిన్ని కూతురి ఆఫీసులో పనిచేసే ఒక జంట, థాయ్‌లాండ్‌లోని కో ఫంగాన్ ద్వీపంలో అద్దె స్కూటర్ మీద నుంచి పడ్డారు. వాన వెలిసిన రోడ్డు, దిగుడు మలుపు, మలుపులో ఇసుక. అమ్మాయికి మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోయాయి. అబ్బాయికి తలకు దెబ్బ తగిలింది, భుజం దగ్గర ఎముక విరిగింది, రెండు రోజులు సరిగ్గా స్పృహలో లేడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చేశారు. కానీ ఆ రెండు రోజులూ ఆ అమ్మాయి పడ్డ అవస్థ విన్నాక, దసరా సెలవులకు టికెట్లు కొనుక్కుని కూర్చున్న జంటలు నాకు తెలిసినవాళ్లలోనే మూడు ఉన్నాయని గుర్తొచ్చి ఇది రాస్తున్నాను.

సన్‌స్క్రీన్ రాసుకోండి, నీళ్లు తాగండి, గొడుగు పెట్టుకోండి లాంటివి చెప్పను. అవి మీ అమ్మగారు ఎలాగూ చెప్తారు.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. అన్నీ ఒకరి దగ్గరే ఉంచొద్దు.

ఆ రోజు ఏం జరిగిందో వినండి. ట్రిప్ ప్లాన్ చేసింది అబ్బాయి. విమానం టికెట్లు, ఫెర్రీ టికెట్లు, హాస్టల్ బుకింగులు, ఇన్సూరెన్స్ పాలసీ, అన్నీ అతని మెయిల్‌లో, అతని ఫోన్‌లో. ఫారెక్స్ కార్డు ఒకటే తీసుకున్నారు, అదీ అతని పేరు మీద, పిన్ అతనికే తెలుసు. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ అతనిదే, అమ్మాయి సిమ్‌కు రోమింగ్ వేయించలేదు, "ఇద్దరికీ ఎందుకు, డబ్బు దండగ" అనుకున్నారు. పడ్డప్పుడు ఆమె ఫోన్ పగిలింది, అతని ఫోన్ స్విచ్ ఆఫ్ అయింది. ఆస్పత్రిలో ఎవరో చార్జర్ ఇస్తే ఆన్ చేసి, మంచం మీద ఉన్న భర్త వేలు పట్టుకుని స్క్రీన్ మీద పెట్టిందట. ఫోన్ ఆఫ్ అయి ఆన్ అయితే మొదటిసారి వేలిముద్ర తీసుకోదు, పిన్ అడుగుతుంది. ఆ పిన్ ఆమెకు తెలియదు. నాలుగేళ్ల పెళ్లి.

పెద్ద దెబ్బలైతే అక్కడి ప్రైవేటు ఆస్పత్రులు ఆపరేషన్‌కు ముందు డిపాజిట్ అడుగుతాయి, లేదా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి గ్యారంటీ లెటర్ అడుగుతాయి. లెటర్ రావాలంటే పాలసీ నంబర్ కావాలి. ఏ కంపెనీయో కూడా ఆమెకు తెలియదు. పాస్‌పోర్ట్ చూపించమన్నారు, అతని పాస్‌పోర్ట్ స్కూటర్ షాపులో డిపాజిట్‌గా ఉంది. గాజువాకలో ఉన్న వాళ్ల అన్నయ్యకు వేరేవాళ్ల ఫోన్ నుంచి చేద్దామంటే అన్నయ్య నంబర్ నోటికి రాదు. వాళ్ల నాన్నగారి పాత ల్యాండ్‌లైన్ నంబర్ ఒక్కటే గుర్తుంది, అదృష్టం బాగుండి అది ఇంకా పనిచేస్తోంది.

స్కూటర్ ప్రమాదం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని ఇంత నరకం చేసింది మాత్రం అన్నీ ఒకరి దగ్గరే ఉండటం.

ఇది వాళ్లొక్కరి తప్పు కాదు. మేమూ మొదటిసారి ఇదే చేశాం. సూరత్ థానీ నుంచి డోన్‌సాక్ రేవుకు బస్సులో వెళ్తుంటే దారిలో ఎక్కడో ఆపారు, మా ఆయన టాయిలెట్‌కని దిగారు, ఆయన నడుం సంచిలో రెండు పాస్‌పోర్టులూ, రెండు ఫెర్రీ టికెట్లూ, మొత్తం బాత్‌లు, అంటే అక్కడి డబ్బు. బస్సు కదిలింది. నేను అరిచిన అరుపుకి, తెలుగు రాని ఆ డ్రైవర్‌కి కూడా అర్థమై బ్రేకు వేశాడు. జంటగా వెళ్లేటప్పుడు ఒకరు "మేనేజర్", ఇంకొకరు "ప్యాసింజర్" అయిపోతారు, చాలాసార్లు ప్యాసింజర్ భార్యే. ఇంట్లో అయితే నడిచిపోతుంది. ద్వీపంలో నడవదు.

కాబట్టి బయల్దేరే ముందు ఆదివారం ఒక పరీక్ష పెట్టుకోండి. మేనేజర్ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయండి. రెండోవాళ్లు పావుగంటలో పాలసీ నంబర్ చెప్పాలి, మూడో రోజు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో చెప్పాలి, తమ కార్డుతో ఏదైనా ఒకటి కొనాలి, ఇంటివాళ్ల రెండు నంబర్లు చూడకుండా రాయాలి. రాలేదా, ఇంకా తయారు కాలేదన్నమాట. కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, తలా ఒకటి. నగదు తలా సగం. ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర, దాని జిరాక్స్ మాత్రం రెండోవాళ్ల సంచిలో. రెండు సిమ్‌లకూ రోమింగ్. ఒకరి ఫోన్ పిన్ ఇంకొకరికి. చెప్పుకోవడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి కవర్‌లో అంటించి ఇవ్వండి, అవసరమైతేనే చింపండి.

స్కూటర్

థాయ్‌లాండ్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. అందుకే మనవాళ్లకు ధైర్యం ఎక్కువ, "ఇంటర్ నుంచి బండి తోలుతున్నా" అంటారు. తోలడం వచ్చా రాదా అని ఇన్సూరెన్స్ కంపెనీ అడగదు. టూవీలర్‌కు లైసెన్స్ ఉందా, దాని మీద అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉందా, హెల్మెట్ ఉందా, తాగారా, ఇవి అడుగుతుంది. పై అబ్బాయికి కారు లైసెన్స్ ఒక్కటే ఉంది. క్లెయిమ్ తిరస్కరించారు. ఆస్పత్రి ఖర్చంతా వాళ్ల చేతిదే, ఇంటి లోన్ డౌన్‌పేమెంట్‌కు దాచుకున్నది కరిగిపోయింది.

పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసే ఇస్తుంది. ఫీజు 1000 రూపాయలు, పైన సర్వీస్ చార్జీలు, ఏడాది చెల్లుతుంది. చేతికి రాగానే టూవీలర్ గడిలో ముద్ర ఉందో లేదో చూసుకోండి, కారు గడిలో మాత్రమే ఉంటే అది స్కూటర్‌కు పనికిరాదు. ఇద్దరికీ తీసుకోండి, ఒకరి చెయ్యి బెణికితే రెండోవాళ్లు బండి తోలుకొచ్చేస్తారు. పర్మిట్ లేదంటే స్కూటర్ లేదు, అంతే. ఫంగాన్‌లో తోంగ్ సాలా నుంచి హాద్ రిన్ వెళ్లే రోడ్డు, కో తావోలో కొండ మీది దారులు, ఇవి మన సింహాచలం ఘాట్ కన్నా నిటారుగా అనిపిస్తాయి. సాంగ్‌థావ్ అని వెనక రెండు బల్లలు వేసిన పికప్ బండ్లు తిరుగుతుంటాయి, వాటిలో ఎక్కండి.

బండి తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా వీడియో తీయండి, పాత గీతలన్నీ కనబడాలి.

వానలు, పడవలు

సముద్రం రెండు వైపులా ఉంది, రెండు వైపులా వానాకాలం ఒకటే కాదు. ఫుకెట్, క్రాబి, ఫిఫి, లాంటా ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి. సముయి, ఫంగాన్, తావో ఉన్న గల్ఫ్ వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జోరు. అంటే మన దసరా, దీపావళి సరిగ్గా రెండింటికీ నడిమధ్యన పడతాయి. ఏవైపు వెళ్లినా ఒకటి రెండు ఫెర్రీలు రద్దయ్యే అవకాశం ఉందనే లెక్కేసుకోండి. ద్వీపం నుంచి దిగిన రోజే హైదరాబాద్ విమానం పెట్టుకోవద్దు, ఒక రాత్రి బ్యాంకాక్‌లో మిగుల్చుకోండి.

2018 జూలై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పడవ తుఫాను గాలికి మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. వాతావరణ హెచ్చరిక ఉండగానే బయల్దేరింది ఆ పడవ. పడవవాడు వెళ్దామంటే వెళ్లొచ్చని అర్థం కాదు, అతనికి ఆ రోజు కిరాయి కావాలి. రేవులో మిగతా పడవలు కట్టేసి ఉండి మీదొక్కటే కదులుతుంటే దిగిపోండి, డబ్బు పోనివ్వండి.

స్పీడ్‌బోట్‌లో ముందు కూర్చోవద్దు. ఫొటోలు బాగా వస్తాయని అందరూ ముందుకే ఎగబడతారు, అల మీద నుంచి పడవ దబ్బున పడినప్పుడు ఆ దెబ్బంతా ముందు కూర్చున్నవాళ్ల వెన్నుకే, వెన్నుపూసలు విరిగినవాళ్లు ఉన్నారు. గర్భిణులు ఎక్కనే వద్దు. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకునేది కాదు, తొడుక్కునేది.

నీళ్లు

విశాఖ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఆర్కే బీచ్‌లో, యారాడలో మోకాలి లోతులో నిలబడ్డవాళ్లను లోపలికి లాక్కుపోవడం చూసినవాళ్లమే. వానాకాలంలో ఫుకెట్ పడమటి తీరమూ అంతే. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. లాగేస్తే ఒడ్డుకు ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి, ఆ పాయ వెడల్పు తక్కువే, దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగండి. ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవాళ్లు దూకొద్దు. ఇది కష్టమని నాకు తెలుసు. తేలేది ఏదైనా విసరండి, కేకలు వేయండి, లైఫ్‌గార్డును పిలవండి.

గల్ఫ్ వైపు ద్వీపాల్లో బాక్స్ జెల్లీఫిష్ ఉంటాయి. సముయి, ఫంగాన్‌లలో వాటివల్ల మనుషులు పోయారు. చాలా బీచ్‌లలో స్తంభానికి వెనిగర్ సీసా కట్టి ఉంటుంది, దిగే ముందు అది ఎక్కడుందో చూసుకోండి. కుట్టిన చోట వెనిగరే పోయాలి. మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు, ఇసుక పూయొద్దు. పొడుగు చేతుల ఈత బట్టలు వేసుకుంటే సగం రక్షణ. మీ ఆవిడ వేసుకుంటే మీరూ వేసుకోండి, జెల్లీఫిష్‌కు మగా ఆడా తేడా లేదు.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో చెప్తాను, వర్గాలు పెట్టే ఓపిక లేదు.

– కో తావోలో డైవింగ్ చేశాక 18 గంటలు విమానం ఎక్కొద్దు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్తే బుడగలు కడుతుంది. పాలసీలో డైవింగ్ ఉందో లేదో, ఎంత లోతు దాకానో, చదవండి.

– ఫంగాన్‌లో పౌర్ణమికి బీచ్‌లో జరిగే ఫుల్‌మూన్ పార్టీలో, చిన్న బకెట్లో కలిపి అమ్మే మందు ఇద్దరూ తాగొద్దు. ఒకరు తాగితే ఒకరు నిలబడాలి. మండే తాడు దూకే ఆట ఆడొద్దు.

– వేప్, అంటే ఈ-సిగరెట్, తీసుకెళ్లొద్దు. అక్కడ నేరం. ఇక్కడా నిషేధమే కదా, అసలు మీ దగ్గర ఎందుకుంది?

– అక్కడి రాజు గురించి జోకులు వద్దు, తెలుగులో కూడా, వీడియోలో అసలే వద్దు. జైలు.

– టీడీఏసీ అనే డిజిటల్ రాక కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపుకోవచ్చు. ఉచితం. డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదు.

– వీసా నియమాలు మారుతూ ఉంటాయి, బయల్దేరే వారం మళ్లీ చూడండి. గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా, మనిషికి. ఇద్దరంటే రెండింతలు.

– బ్యాంకాక్ నుంచి దక్షిణానికి వెళ్లే రాత్రి రైళ్లు పాత హువా లాంఫోంగ్ స్టేషన్ నుంచి కదలవు, 2023 జనవరి నుంచి బాంగ్ స్యూ దగ్గరి పెద్ద స్టేషన్ నుంచి. పాత స్టేషన్‌కు వెళ్లి రైలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

– బ్యాంకాక్‌లోని ఖావోసాన్ రోడ్డు నుంచి వెళ్లే చవక రాత్రి బస్సుల్లో, కింద డిక్కీలో పెట్టిన సంచుల్ని దారిలో తెరిచి వెతుకుతారు. విలువైనది ఏదీ డిక్కీలోకి పోకూడదు. ఒళ్లో సంచీ ఇద్దరికీ ఒకటి కాదు, తలా ఒకటి. మళ్లీ చెప్తున్నా, అన్నీ ఒకరి దగ్గరే ఉంచొద్దు.

– ఏటీఎం ప్రతిసారీ 220 బాత్ లేదా అంతకన్నా ఎక్కువ గుంజుతుంది. రూపాయల్లోకి మార్చి చూపిస్తానంటే వద్దనండి. మన యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు.

– బ్యాంకాక్‌లో "ఈరోజు గ్రాండ్ ప్యాలెస్ మూసేశారు" అని ఎవరన్నా చెప్తే నడుచుకుంటూ పోండి. వాడు తీసుకెళ్లేది రంగురాళ్ల కొట్టుకు.

– జెట్ స్కీ అద్దెకు తీసుకోవద్దు.

– ఫిఫి ద్వీపాల్లోని మాయా బే అనే బీచ్‌ను ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూసేస్తారు, మిగతా నెలల్లో కూడా ఈతకు దిగనివ్వరు. తెలియక కొన్న టూరు డబ్బులు తిరిగి రావు.

– టూరిస్ట్ పోలీస్ 1155, అంబులెన్స్ 1669. ఫోన్‌లో కాదు, కాగితం మీద. రెండు కాగితాలు.

– పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత బ్యాంకాక్‌లో మన ఎంబసీ, ఇంటికి రావడానికి వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఆపైన ఇమిగ్రేషన్. ఒక్క రోజులో అయ్యేది కాదు. జిరాక్స్ ఉంటే కొంచెం తొందరగా అవుతుంది.

– గొడవపడి విడివిడిగా వెళ్లొద్దు. వెళ్లినా మీ కార్డు మీ దగ్గర, మీ పాస్‌పోర్ట్ మీ దగ్గర ఉండాలి. గొడవలు అవుతాయి, ఎండలో బరువు మోస్తూ తిరిగితే అందరికీ అవుతాయి.

– పాస్‌పోర్ట్ డిపాజిట్‌గా పెట్టొద్దు. నగదు పెట్టండి, జిరాక్స్ ఇవ్వండి. పాస్‌పోర్టే కావాలంటే పక్క షాపుకు వెళ్లండి. అక్కడా అదే అడిగితే ఇంకో షాపుకు. ఆ ద్వీపంలో అందరూ అదే అడిగితే నడవండి.